అద్దాల పెట్టెలో సముద్రం: భాస్వరం నేర్పిన పాఠం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నెల కింద ఫోన్ చేసి, "అన్నా, ఇంజనీరువు కదా, అందరికీ పనికొచ్చేది ఏదైనా ఒక అరగంట మాట్లాడు" అన్నారు. నా జీతం గురించో, వీసా గురించో చెప్పమంటారేమోనని భయపడ్డాను. "నీ ఇష్టం వచ్చింది మాట్లాడు" అన్నారు కాబట్టి నాకు ఇష్టమైనదే ఎంచుకున్నాను. డాలస్ దగ్గర మా ఇంట్లో ఒక ఉప్పునీటి చేపల తొట్టి ఉంది. నా తొందరపాటుతో దాన్ని దాదాపు నాశనం చేశాను. ఆ తర్వాత ఎట్లా నిలబెట్టుకున్నానన్నదే ఇవాళ నా కథ.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ మాట చెబితే ఒక మిత్రుడు, "చేపల గురించి చెప్పనీకి అమెరికా నుంచి రావాల్నారా? మృగశిర నాడు మా ఇంటికి రా, పులుసు పెట్టి చెప్త" అన్నాడు. వాడి పులుసుకు తప్పకుండా వెళ్తాను. కానీ నా కథ చివరికి మన పొలాల దగ్గరికీ, మన కోమటి చెరువు దగ్గరికీ వస్తుంది. అంతవరకు ఓపిక పట్టండి.

ముందు తొట్టి సంగతి. అది నాలుగు వందల లీటర్ల అద్దాల పెట్టె. లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన నీళ్లు, అడుగున ఇసుక, మధ్యలో సున్నపు రాళ్లు, ఆ రాళ్ల మీద బతికున్న పగడాలు, వాటి మధ్య ఐదారు చేపలు. పగడం అంటే మనకు ఉంగరంలో ఎర్రటి రాయి గుర్తుకొస్తుంది. నిజానికి అది ప్రాణి. గుండుసూది తలంత జీవులు వేల సంఖ్యలో కలిసి, నీళ్లలోని కాల్షియంతో సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి చర్మం లోపల కంటికి కనపడనంత సన్నటి నాచు కాపురం ఉంటుంది. నాచు వెలుతురు తీసుకుని ఆహారం వండుతుంది, పగడం దానికి నీడ ఇస్తుంది. ఒకరకంగా కౌలు ఒప్పందం. పగడానికి రంగు ఇచ్చేదాంట్లో ఆ నాచుకు పెద్ద పాలు ఉంది. అది వెళ్లిపోతే పగడం సున్నం కొట్టిన గోడలా తెల్లబడుతుంది.

ఇక్కడున్న పిల్లలకు ఒక మాట. మన దేశంలో పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్, కచ్ సింధుశాఖ, ఈ నాలుగు చోట్ల మనకు పగడపు దిబ్బలు ఉన్నాయి. అక్కడ ఒక్క ముక్క విరిచినా నేరమే. నా తొట్టిలోవి అక్కడి ఇళ్లలో, దుకాణాల్లో ముక్క నుంచి ముక్కగా పెంచినవి. మనం మల్లె అంటు కట్టినట్టే, పగడం కొమ్మను కూడా తుంచి అంటు పెట్టవచ్చు. మా బిడ్డ తన పదో పుట్టిన రోజుకు వచ్చిన డబ్బులతో అట్లాంటి ఊదారంగు కొమ్మ ఒకటి కొనుక్కుంది. చిటికెన వేలంత ఉండేది. మూడేళ్లలో అరచేతంత అయింది. స్కూలు నుంచి రాగానే బ్యాగు పడేసి ముందు దాన్నే చూసేది.

ఇంతలో మా నాయన కాలం చేశాడు. నేను హడావుడిగా బయలుదేరి వచ్చాను. వెనక ఇంటామె, బిడ్డ కూడా వచ్చారు. దినాలు, కాగితాల పనులు, అమ్మ దగ్గర కొన్ని రోజులు, అన్నీ కలిపి నెల రోజులు ఇక్కడే ఉన్నాం. తొట్టిని పక్కింటి మిత్రుడికి అప్పజెప్పి వచ్చాను. మంచి మనిషి. చేపలు అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిస్తే ఆకలని అనుకునేవాడట. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ధారాళంగా మేత వేశాడు. నెల తర్వాత మేం తిరిగి వెళ్లేసరికి చేపలు బొద్దుగా ఉన్నాయి. రాళ్ల నిండా మాత్రం వెంట్రుకల్లాంటి పచ్చటి నాచు. పగడాల రంగులు మాసిపోయి గోధుమరంగుకు తిరిగాయి.

నీళ్లు పరీక్ష చేశాను. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్. నేను అనుకునే మంచి హద్దు 0.03 నుంచి 0.1 వరకు. అంటే కనీసం ఐదింతలు ఎక్కువ.

ఫాస్ఫేట్ అంటే ఎవరో కొత్త మనిషి అనుకోకండి. మనందరి ఇంటి పసారాలో గోనెల కింద దాగి ఉన్న చుట్టమే. డీఏపీ. బస్తా మీద 18-46-0 అని రాసి ఉంటుంది చూడండి, ఆ 46 భాస్వరం లెక్క. సరిగ్గా చెప్పాలంటే పెంటాక్సైడ్ రూపంలో కట్టిన లెక్క. యాభై కిలోల బస్తాలో ఇరవై మూడు కిలోలు. మేం పదో తరగతిలో ఉన్నప్పుడు వానకాలం మొదట్లో ఆ బస్తాల కోసం మా నాయనతో పాటు నేనూ సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డవాణ్ని. ఆ పిల్లగాడే ముప్పై ఏళ్ల తర్వాత అదే భాస్వరాన్ని నీళ్లలోంచి తీసేయడానికి డాలర్లు పోసి మందులు కొంటున్నాడు.

ఒక లెక్క చూడండి. నాలుగు వందల లీటర్లు, లీటరుకు 0.5 మిల్లీగ్రాములు. మొత్తం ఎంత? రెండు వందల మిల్లీగ్రాములు. అంటే గ్రాములో ఐదో వంతు. డీఏపీలో చెప్పాలంటే పది పదిహేను గింజలు, అంతే. పది పదిహేను గింజల భాస్వరం ఒక చిన్న సముద్రాన్ని తలకిందులు చేసింది.

అంత తక్కువకు అంత బలం ఎందుకంటే, మొక్కకైనా నాచుకైనా భాస్వరమే తరచూ కరువు. కెనడాలో 1973లో శాస్త్రవేత్తలు ఒక చెరువును మధ్యలో తెర కట్టి రెండుగా చీల్చారు. ఒక పక్క కర్బనం, నత్రజని కలిపారు. రెండో పక్క వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. పైనుంచి తీసిన ఫోటోలో భాస్వరం కలిపిన సగమే పచ్చగా మారింది, మిగతా సగం మామూలుగా ఉంది. ఇక పగడానికి ఇంకో ఇబ్బంది. భాస్వరం ఎక్కువైతే సున్నపు స్ఫటికం మీద అతుక్కుని గూడు కట్టడాన్ని అడ్డుకుంటుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లోని వన్ ట్రీ ఐలాండ్ దగ్గర కిన్సీ, డేవిస్ అనే ఇద్దరు నత్రజని, భాస్వరం కలిపి చూసి 1979లో ఫలితాలు ప్రచురించారు. సున్నం కట్టడం సగానికి పైగా తగ్గిపోయింది.

ఇదంతా చదివాను. చదివి ఇంజనీరు చేసే పనే చేశాను: ఎక్కువైంది కాబట్టి తీసేయాలి, ఎంత త్వరగా తీస్తే అంత మంచిది అనుకున్నాను.

ఫాస్ఫేట్‌ను పట్టుకోవడానికి ఇనుప ఆక్సైడ్ గుళికలు దొరుకుతాయి. మనం తుప్పు అంటామే, దాదాపు అదే, గింజలుగా చేసి అమ్ముతారు. ఒక గొట్టంలో పోసి వాటి గుండా నీళ్లు పంపితే ఫాస్ఫేట్ వాటికి అంటుకుంటుంది. డబ్బా మీద రాసిన మోతాదుకు రెండింతలు పోశాను. నాలుగు రోజుల్లో 0.5 కాస్తా 0.04 అయింది. ఆ సాయంత్రం నేను ఎంత మురిసిపోయానో! ఇంటామెను పిలిచి మరీ మీటరు చూపించాను.

ఆరో రోజు పొద్దున మా బిడ్డ లేపింది. "డాడీ, నాది తెల్లగైతుంది" అన్నది. ఊదారంగు కొమ్మ మొదట్లోంచి చర్మం ఊడిపోతోంది. కింద తెల్లటి ఎముక బయటపడింది. మూడు రోజుల్లో అరచేతంత పగడంలో ఒక కొన, వేలిగోరంత, మిగిలింది. ఇంకో రెండు రకాలు పూర్తిగా పోయాయి. బిడ్డ ఏడ్వలేదు. "నీళ్లు మంచిగైనయి అన్నవ్ కదా?" అని మాత్రం అడిగింది. మా నాయన పోయిన నెలకే ఇది. నాకు ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

ఎందుకట్లా అయింది? పగడం లోపలి నాచుకు కూడా భాస్వరం కావాలి. ఒక నెల పాటు సమృద్ధిగా అలవాటుపడ్డ ప్రాణికి నాలుగు రోజుల్లో కంచం లాగేసినట్టయింది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతే చెబుతుంది: నీళ్లలో నైట్రేట్ ఎక్కువగా ఉండి ఫాస్ఫేట్ కరువైతే, పగడాలు వేడికీ వెలుతురుకూ తట్టుకోలేక తెల్లబడతాయి. ఎక్కువ ఉండటం జబ్బే. కానీ ఉన్నట్టుండి లేకుండా చేయడం ఇంకా పెద్ద జబ్బు. మనలో బీపీ గోళీలు వేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు కదా. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న బీపీని డాక్టరు ఒక్క పూటలో దించడు. దించితే కళ్లు తిరిగి పడిపోతాం.

కథ అక్కడితో ఆగలేదు. భయపడి ఆ గుళికలు తీసేశాను. రెండు వారాల తర్వాత కొలిస్తే 0.35! మేత తగ్గించాను, కొత్తగా ఏమీ వేయలేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

అప్పుడు కాగితం తీసుకుని కూర్చున్నాను. ముందే చేయాల్సిన లెక్క అది. పొడి మేతలో సుమారు ఒక శాతం భాస్వరం ఉంటుంది. ఒక గ్రాము మేత అంటే పది మిల్లీగ్రాముల భాస్వరం, ఫాస్ఫేట్‌గా మారిస్తే ముప్పై మిల్లీగ్రాములు. మా మిత్రుడు రోజుకు ఐదు గ్రాములు వేశాడనుకుంటే నెలకు నూట యాభై గ్రాముల మేత, నాలుగున్నర గ్రాముల ఫాస్ఫేట్. నీళ్లలో మీటరుకు కనిపించింది గ్రాములో ఐదో వంతే. మరి మిగిలిన నాలుగు గ్రాముల పైచిలుకు? కొంత చేపల ఒంటికి పట్టింది. కొంత నురుగు తీసే యంత్రం బయట పోసింది. కొంత నాచు తిన్నది. మిగతాది రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకిపోయింది. సున్నపు రాయికి ఫాస్ఫేట్ అంటే ఇష్టం. నీళ్లలో ఎక్కువ ఉన్నప్పుడు పట్టుకుంటుంది, తక్కువైనప్పుడు వదులుతుంది. వానకు నానిన మట్టిగోడ పైన తుడిస్తే ఆరిపోతుందా? లోపలి తేమ బయటికి వస్తూనే ఉంటుంది. నేను తుడిచింది గోడ పైభాగమే.

అంటే నా తొందర వల్ల పగడాలు పోయాయి, ఫాస్ఫేట్ మాత్రం పోలేదు.

ఇంత జరిగినా నాకు వెంటనే బుద్ధి రాలేదని కూడా ఒప్పుకోవాలి. రెండోసారి లాంథానమ్ క్లోరైడ్ తెచ్చాను. ఈత కొలనుల్లో ఫాస్ఫేట్ తీయడానికి వాడే మందు. మన అవ్వలు చెరువు నీళ్లు తెచ్చి కుండలో ఇండుపగింజ అరగదీసేవాళ్లు, పటిక తిప్పేవాళ్లు, మట్టి అడుగుకు పేరుకునేది. ఇదీ కొంచెం అట్లాంటిదే. లాంథానమ్ వెళ్లి ఫాస్ఫేట్‌ను పట్టుకుని సన్నటి తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడిని వడకట్టి తీసేయాలి. నేను రోజంతా చుక్కచుక్కగా వేయాల్సింది గంటలో వేశాను. నీళ్లు పలుచటి మజ్జిగలా అయ్యాయి. తొట్టిలో పసుపురంగు ట్యాంగ్ చేప ఒకటి ఉంది, అది మూలకు పోయి మొప్పలు కొట్టుకుంటూ రొప్పడం మొదలుపెట్టింది. ఆ పొడి మొప్పలకు ఇబ్బంది చేస్తుంది. వెంటనే మందు ఆపి, సగం నీళ్లు మార్చి, గాలి పంపు పెట్టి రాత్రంతా పక్కన కూర్చున్నాను. తెల్లారేసరికి కోలుకుంది. అది దాని అదృష్టం. నా తెలివి అందులో ఏమీ లేదు.

ఆ రాత్రి కూర్చున్నప్పుడే మన బడి గుర్తొచ్చింది. మన సైన్సు సారు ఇక్కడే ఉన్నారు కాబట్టి సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ల్యాబులో మేం ఏదైనా గబగబా కలిపేస్తుంటే సారు వెనక నుంచి వచ్చి ఒక్కటే అడిగేవారు: "ఎంతున్నదో కొలిచినవా? ఎంత పోసినవో రాసినవా?" రెండూ చేయలేదు కాబట్టి తల దించుకునేవాళ్లం. ఏళ్ల తరబడి ఇంజనీరుగా పంపులకూ పైపులకూ లెక్కలు కట్టినవాణ్ని, నా ఇంట్లో ఉన్న ప్రాణుల దగ్గరికి వచ్చేసరికి సారు అడిగిన ఆ రెండు ప్రశ్నలూ మరిచిపోయాను.

మూడోసారి నోట్‌బుక్ కొన్నాను. ఈసారి చేసింది వరుసగా చెబుతాను. మీలో ఎవరికైనా చేపల తొట్టి ఉంటే నేరుగా పనికొస్తుంది.

మొదటిది, కొలత. వారానికి రెండుసార్లు, ఒకే సమయానికి, ఒకే మీటరుతో. పరీక్ష గాజు సీసా మీద వేలిముద్ర ఉన్నా అంకె మారుతుంది. ఇంకో చిక్కు ఉంది. కొన్ని మీటర్లు ఫాస్ఫరస్ చూపిస్తాయి, కొన్ని ఫాస్ఫేట్ చూపిస్తాయి. ఫాస్ఫరస్‌ను ఫాస్ఫేట్ చేయాలంటే సుమారు 3.07తో గుణించాలి. ఇది తెలియక మూడింతలు తప్పు లెక్కతో మందు పోసేవాళ్లు ఉన్నారు.

రెండోది, వచ్చే దారి మూయడం. మందు కంటే ముందు ఇది. మేతను రోజుకు ఒక గ్రాముకు తగ్గించాను. రెండు నిమిషాల్లో చేపలు తినేసేంతే. గడ్డకట్టిన మేతను జల్లెడలో కడిగి, ఆ నీళ్లు పారబోసి వేశాను. ఆవిరైపోయిన నీళ్ల బదులు పోసే నీళ్లు కూడా చూశాను. అమెరికాలో చాలా ఊళ్లలో పైపుల్లోని సీసం నీళ్లలోకి కరగకుండా నల్లా నీళ్లకు ఫాస్ఫేట్ కలుపుతారు. అందుకే ఆ నీళ్లను ఆర్వో ద్వారా, ఆ తర్వాత ఇంకో రెసిన్ వడపోత ద్వారా పంపాలి. మా ఇంట్లో ఆ రెసిన్ ఎప్పుడో అయిపోయింది. నేను ఇంత మందు పోస్తూ, అటు నుంచి ప్రతి వారం బకెట్టుతో ఫాస్ఫేట్ తెచ్చి పోస్తున్నాను.

మూడోది, పేరుకున్నది ఎత్తిపోయడం. వారం వారం పదో వంతు నీళ్లు మార్చేటప్పుడు ఇసుక మీద పేరుకున్న మురికిని గొట్టంతో లాగేశాను. పక్కన ఒక చిన్న గదిలో దారపుండలాంటి పచ్చటి సముద్రపు నాచు పెంచాను. రాత్రిళ్లు దానికి లైటు వేస్తే అది నీళ్లలోని ఫాస్ఫేట్ తిని పెరుగుతుంది. పదిహేను రోజులకోసారి పిడికెడు తీసి బయట పడేస్తే ఆ ఫాస్ఫేట్ కూడా బయటికి పోయినట్టే. కోసి బయటికి తీయకపోతే లాభం లేదు. అక్కడే చచ్చి కుళ్లితే తిన్నదంతా మళ్లీ నీళ్లలోకే వస్తుంది.

నాలుగోది, మందు. చివరన, తక్కువలో తక్కువ. అవే ఇనుప గుళికలు, ఈసారి మోతాదులో నాలుగో వంతు. ధూళి పోయేదాకా కడిగి, నీటి ధార సన్నగా పెట్టాను. నాకు నేను ఒక హద్దు పెట్టుకున్నాను: వారంలో ఉన్నదాంట్లో ఐదో వంతుకు మించి తగ్గకూడదు. తగ్గితే గుళికలు తీసేయాలి. రాళ్లు వదిలిన కొద్దీ ఆ గుళికలు పట్టుకోవాలి, అంతే వేగం. లాంథానమ్ తప్పదనుకునేవాళ్లు దాన్ని శుద్ధమైన నీళ్లలో బాగా పలుచన చేసి, గంటల తరబడి చుక్కచుక్కగా, ఐదు పది మైక్రాన్ల సన్నటి వడకట్టు సంచిలోకే వదలాలి. అది నీళ్లలోని క్షారతను కూడా కొంత తగ్గిస్తుంది కాబట్టి దాన్నీ కొలుస్తుండాలి. ట్యాంగ్ చేపలున్న తొట్టిలో నేనైతే మళ్లీ వాడను.

ఐదోది, ఎక్కడ ఆగాలో తెలియడం. సున్నా వస్తే గెలిచినట్టు కాదు. సున్నా దగ్గర పగడం పస్తులుంటుంది. ఆ ఖాళీలో ఇంకో రకం గోధుమరంగు జిగురు జీవులు వచ్చి చేరతాయి, వాటిని వదిలించడం నాచును వదిలించడం కన్నా కష్టం. నేను 0.07 దగ్గర గుళికలు తీసేశాను.

0.35 నుంచి 0.07కు రావడానికి ఐదు నెలలు పట్టింది. మొదటిసారి నాలుగు రోజుల్లో చేసిన పని! మధ్యలో రెండుసార్లు అంకె పైకి లేచింది. లేచినప్పుడల్లా మందు పెంచాలని చేయి లాగింది. నోట్‌బుక్ చూసుకుని ఆగాను. మూడో నెలలో నాచు రాళ్ల మీద పలచబడింది. నాలుగో నెలలో ఆ వేలిగోరంత మిగిలిన ఊదా కొమ్మ రాయి మీదికి కొత్త చర్మం పాకించింది. ఇప్పుడది పిడికెడంత ఉంది. మా బిడ్డ కాలేజీకి వెళ్తూ దాంట్లోంచి ఒక ముక్క తుంచుకుని తన గది తొట్టికి తీసుకుపోయింది. మేత డబ్బా మీద "రోజుకు ఒక చిటికెడు" అని తనే రాసుకుంది.

ఇక మన ఊరి దగ్గరికి వస్తాను.

మా నాయన మంచి రైతు. కానీ ఊరంతా ఎకరానికి ఒక బస్తా డీఏపీ వేస్తే ఆయన ఒకటిన్నర వేసేవాడు. పక్కింటి మిత్రుడు చేపలకు వేసినట్టే, ప్రేమతోనే. భాస్వరం యూరియాలా తొందరగా కొట్టుకుపోదు. వేసినదాంట్లో పైరు తీసుకునేది తక్కువ. మిగిలింది నేలలోని సున్నానికి, ఇనుముకు, అల్యూమినియానికి అంటుకుని ఉండిపోతుంది. నా తొట్టిలో రాళ్లు చేసిన పనే. అందుకే మన వ్యవసాయ శాస్త్రవేత్తలు మట్టి పరీక్ష చేయించుకొమ్మని, నేలలో ఇప్పటికే నిల్వ ఉన్న భాస్వరాన్ని కరిగించే పీఎస్‌బీ బ్యాక్టీరియా వాడి డీఏపీ తగ్గించమని చెబుతున్నారు. అది కూడా ఒక్కసారిగా మానేయమని కాదు, పరీక్ష చూసి తగ్గించమని.

పొలం మట్టి వానకు కొట్టుకొస్తే దాంతో పాటు భాస్వరం చెరువుకు చేరుతుంది. ఇళ్ల మురుగుతో, సబ్బు నీళ్లతో ఇంకొంత చేరుతుంది. చెరువు మీద పచ్చటి తెట్టు, గుర్రపుడెక్క కనిపించాయంటే అది ఎక్కువ మేత తిన్న తొట్టి. అప్పుడు మనం చేసేదేమిటి? యంత్రం పెట్టి గుర్రపుడెక్క తీసి గట్టు మీద వేస్తాం. వానొస్తే అది కుళ్లి మళ్లీ చెరువులోకే. లేదా ఎవరో ఒక మందు చల్లుతామంటారు, వారం రోజుల్లో తేటబడుతుందంటారు. నాలుగు రోజుల్లో 0.04 చూపించిన నా మీటరు గుర్తుంచుకోండి.

సరైన దారి పట్టిన ఊళ్లు ఉన్నాయి. అమెరికాలో సియాటిల్ నగరం పక్కన వాషింగ్టన్ సరస్సు ఉంది. 1950లలో చుట్టుపక్కల ఊళ్ల మురుగంతా దాంట్లోకే వచ్చి నీళ్లు పచ్చగా మారాయి. వాళ్లు మందు చల్లలేదు. 1963లో మొదలుపెట్టి 1968 కల్లా మురుగును సరస్సులోకి రాకుండా మళ్లించారు. కొన్నేళ్లలో నీళ్లు తేటబడ్డాయి. అది లోతైన సరస్సు. మన చెరువుల్లాగా లోతు తక్కువ, పూడిక ఎక్కువ ఉన్నచోట, మురుగు ఆపినా అడుగు బురద ఏళ్ల తరబడి భాస్వరం వదులుతుంటుంది. కాబట్టి మనకు ఇంకో పని కూడా ఉంది. ఆ పని మన తాతలకు తెలుసు. ఎండాకాలం చెరువు ఎండితే బండ్లు కట్టుకుని పూడిక మట్టి పొలాలకు తోలేవాళ్లు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ట్రాక్టర్లతో చేసిందీ అదే. ఆ మట్టిలో మన పొలాల నుంచి పోయిన భాస్వరమే ఉంది. చెరువుకు బరువైనది పొలానికి ఎరువు. నా తొట్టిలో ఇసుక మురికిని గొట్టంతో లాగేసి చెట్లకు పోసే ఉపాయం కూడా ఇక ఉప్పు లేకుంటే పనికొచ్చేది!

చివరిగా ఒక విన్నపం, ఒక మాట. మన బడి సైన్సు ల్యాబుకు నేను ఫాస్ఫేట్ కొలిచే మీటరు ఒకటి, మూడేళ్లకు సరిపడా పరీక్ష పొడులు ఇస్తున్నాను. ఆ పొడి వేస్తే నీళ్లు నీలంగా మారతాయి. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే అంత ముదురు నీలం. మాలిబ్డినంతో వచ్చే ఆ రంగును బట్టే 1962 నుంచి ప్రపంచమంతా ఫాస్ఫేట్ కొలుస్తోంది. తొమ్మిదో తరగతి పిల్లలు నెలకోసారి కోమటి చెరువులో ఒకే నాలుగు చోట్ల నీళ్లు తెచ్చి కొలవాలి, ఒక రిజిస్టరులో రాయాలి. నీళ్లు వచ్చే కాలువ దగ్గర ఒకటి తప్పకుండా ఉండాలి. ఏడాది పాటు ఏమీ చేయొద్దు, కొలవడమే. చెరువు ఎట్లా ఉందో, భాస్వరం ఎటు నుంచి వస్తోందో ఆ రిజిస్టరే చెబుతుంది. ఆ తర్వాత మున్సిపాలిటీ దగ్గరికైనా, రైతుల దగ్గరికైనా ఆ అంకెలు పట్టుకుని పోదాం. పెద్దవాళ్లం మేం వెంట వస్తాం.

మీటరు పెట్టె మీద నా పేరు వద్దన్నాను. దాని బదులు మన సైన్సు సారు అడిగే ఆ రెండు ప్రశ్నలు రాయించాను. సారు చేతుల మీదుగానే ఆ పెట్టెను పిల్లలకు అందజేయాలని కోరుతున్నాను.